పటేల్ కొలత

ఇల్లు కట్టడం ఒక ఎత్తయితే, ఆ ఇంట్లోకి జంపఖానాలు కొనడం ఇంకో ఎత్తని మానుకోటలో నాకెవరూ చెప్పలేదు. సిమెంటు గురించి చెప్పారు, ఇసుక గురించి చెప్పారు, వాస్తు గురించయితే అడగకపోయినా చెప్పారు. ఏ గదికి ఎంత జంపఖానా పడుతుందో మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకని నాకు తోచినట్టు నేనే చేశాను. ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఉంటే ఇంకా సిగ్గుగా ఉంది.

మాది గార్ల దగ్గర పల్లె. మా ఆయన భూపాల్‌కు అక్కడ ముప్పై ఎకరాల పొలం ఉంది, ఒకసారి సర్పంచ్‌గా కూడా చేశాడు. ఊళ్ళో ఆయన్ని పటేలా అంటారు, నన్ను పటేలమ్మా అంటారు. నా పేరు ప్రమీల అని ఊళ్ళో సగం మందికి తెలియదు. రెండు వానాకాలాల కింద వరదకు మా పాత ఇంటి మట్టిగోడలు నానిపోయాయి. మానుకోటలో స్థలం ఉండటంతో అక్కడే కొత్త ఇల్లు కట్టుకున్నాం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి శ్రేయ, జంపఖానాల కొలతల మీద నాలుగు వీడియోలు పంపింది. వాటిలో కిటికీలోంచి మంచు కనపడుతోంది. మంచు పడే ఇంటి లెక్క నా ఇంటికెందుకని ఫోన్ పక్కన పెట్టి, జనగామలో తెలిసిన దుకాణానికి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున రైలుకు యుగేందర్ అనే అతను చంకలో సంచి, చేతిలో టేపుతో దిగాడు. ముప్పై ఏళ్ళుంటాయి. సొంతూరు భూపాలపల్లి, నాన్న బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడట. ఈ వివరాలన్నీ నేను అడగలేదు, టేపు విప్పేలోపలే చెప్పేశాడు.

"చానమంది గది కొలిచి కొంటరు మేడమ్. గది గాదు, గదిల సామాను కొల్వాలె" అన్నాడు.

పడకగదిలోకి పోయి మంచం చుట్టూ తిరిగాడు. "పొద్దుగాల లేచి కాలు కింద పెడితే మెత్తగ తాకాలె. మంచానికి రెండు దిక్కుల రెండేసి ఫీట్లు బయటికి రావాలె. మంచం కింద మొత్తం పరిస్తే ఎవలు చూస్తరు? ఎలుకలు చూస్తయి." ఎనిమిది పది అని రాసుకున్నాడు. తినే బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ వెనక్కి లాగినా దాని కాళ్ళు జంపఖానా మీదే ఉండాలని చెప్పబోయాడు. పప్పుచారు ఒలికితే నువ్వొచ్చి ఉతుకుతావా అన్నాను. నవ్వి ఆ గది కొట్టేశాడు. అతని మాట నాకు నచ్చింది. పని తెలిసినవాడు.

చివరికి హాలు కొలిచాడు. పద్నాలుగు అడుగుల వెడల్పు, పద్దెనిమిది పొడవు. వీధి తలుపు ఒక కొసన ఉంటే సోఫాలు రెండో కొసన ఉన్నాయి. పక్క గోడలకు టీవీ బల్ల ఒకటి, అద్దాల బీరువా ఒకటి.

"సోఫల ముందటి కాళ్లు దీని మీద ఉండాలె. చుట్టూత అడుగున్నర జాగ ఇడవాలె. పదకొండు పదిహేను తీస్కోండ్రి మేడమ్, లెక్క సరిపోతది."

"వద్దు. పది పన్నెండు చాలు" అన్నాను.

"చిన్నగైతది మేడమ్. ఇంత పెద్ద హాల్ల రుమాలు పరిచినట్టుంటది."

"సోఫల దిక్కు జరిపి ఎయ్యి. తలుపు దిక్కు నాలుగున్నర అడుగుల బండలు ఖాళీగ ఉండాలె."

"చెప్పులకా మేడమ్? చెప్పులకు బయట వరండా ఉన్నది గద."

"చెప్పులకు గాదు. ఊరోళ్లు వస్తరు, పోతరు."

అతను నోటుబుక్కులో రాసుకుని, మేడమీది గది కొలవడానికి మెట్లెక్కాడు.

ఈ మాట నాతో ఎవరూ అనిపించలేదు. మా ఆయన ఇంట్లో కూడా లేడు. మా పుట్టింట్లో, జనగామ పక్కన, మా నాన్న కూర్చునే చోట జంపఖానా ఉండేది. దాని అవతల నేల ఉండేది. కూలి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ నేల మీద కూర్చునేవాళ్ళు. ఎవరు ఎక్కడిదాకా రావాలో నోటితో చెప్పే పనే ఉండేది కాదు, జంపఖానా అంచే చెప్పేది. అత్తవారింట్లోనూ అదే పద్ధతి. బువ్వ తినడం ఎవరు నేర్పారో గుర్తుండనట్టే ఇదీ నాకు ఎప్పుడు వంటబట్టిందో గుర్తులేదు. కొత్త ఇల్లు, కొత్త బండలు, యాభై రెండేళ్ళ నేను. టేపు చూడగానే నా నోట్లోంచి నాలుగున్నర అడుగులు అని దానంతటదే వచ్చేసింది.

అబద్ధమెందుకు, ఆ మాట అనేటప్పుడు ఆ బండల మీద ఒక మనిషి కూర్చుని నా కంటికి కనపడింది కూడా. మోకాళ్ళు ముడుచుకుని, గోడకు వీపు ఆనించి కూర్చున్న మా ఊరి కట్టమ్మ. ఆమె సరిపోయేంత జాగా కొలిచే చెప్పాను.

యుగేందర్ నోటుబుక్కు బల్లమీద తెరిచే ఉంది. ఎంతవుతుందో చూద్దామని చూశాను. పడకగది, ఎనిమిది పది. మేడమీద ఇంకా రాయలేదు. హాలు, పది పన్నెండు, ఆ పక్కన గుండ్రటి అక్షరాలతో 'పటేల్ కొలత' అని ఉంది.

కిందికి దిగగానే అడిగాను. "గిదేంది?"

అతను పుస్తకం వైపు చూసి తడబడ్డాడు. "మా దుకాణంల మాట మేడమ్. తలుపుకాడ బండలు ఇడిసిపెట్టి ఏపిచ్చుకుంటరు గద, దాన్ని గట్లంటం. రాసుకోకపోతే పరిచేటోడు ఎరుకలేక నడిమిట్ల పరుస్తడు. మీరేమనుకోకుండ్రి. మీరొక్కలే గాదు, జనగామ కాడ్నుంచి మొదలువెడితే మస్తుమంది అడుగుతరు."

"మీ భూపాలపల్లిల గూడనా?"

"పెద్దిండ్లల్ల అడుగుతరు. మా క్వార్టర్లల్ల గిది నడవది మేడమ్. ఉన్నయే రెండర్రలు. చాప ఏసినా జంపఖానా ఏసినా గోడకు గోడ అంటుతది. వచ్చినోళ్లందరం దాని మీదనే పడుడు." అని నవ్వాడు.

ముందు నాకు అతని మీదే ఒళ్ళు మండింది. నా ఇంట్లో నిలబడి నాకే పేరు పెడతాడా? దుకాణానికి ఫోన్ చేసి వేరే మనిషిని పంపమందామనుకున్నాను. కానీ ఏమని చెప్పాలి? లేని మాట రాశాడని చెప్పాలా? అడిగినదే రాశాడు. దానికో పేరుందనీ, నాలాంటివాళ్ళు మస్తుమంది ఉన్నారనీ తెలిశాక, బజారులో చీర జారినట్టయింది నాకు. గోడకు గోడ అంటుతుందన్న మాట ఒకటి చెవిలో పడి, ఇక నన్ను వదల్లేదు.

వరద వచ్చిననాడు మా ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు. పట్టపగలే వాకిట్లోకి నీళ్ళొచ్చాయి. మోకాళ్ళ లోతు వచ్చేదాకా నేను బీరువా తాళాలు వెతుకుతూనే ఉన్నాను. కట్టమ్మ మా పొలంలో నాట్లేసే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. నడుముల్లోతు నీళ్ళలో కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి, "తాళాలు పాడుగాను, పా పటేలమ్మా" అని నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది. వాళ్ళ వాడ రాళ్ళదిబ్బ మీద ఉంటుంది. పంటకు పనికిరాదని మా మామగారి పెద్దలు వాళ్ళకు ఇచ్చిన దిబ్బ అది. ఆ రెండు రోజులు ఊరంతటిలో తడవనిది అదొక్కటే.

కట్టమ్మది ఒక్క గది ఇల్లు. దూలానికి చుట్టి కట్టిన జంపఖానా దించి పరిచింది. కొడుకు పెళ్ళికి గార్ల సంతలో కొన్నదట, ఎర్ర చారలు, నీలం చారలు. పరిస్తే ఆ గోడ నుంచి ఈ గోడ దాకా వచ్చింది. కట్టమ్మ, ఆమె కోడలు యమున, నేను దానిమీదే పడుకున్నాం, దానిమీదే తిన్నాం. వేడి అన్నం, పచ్చిపులుసు. రెండు రోజులు ఆమె నన్ను ఒంటరిగా తిననివ్వలేదు. "ఒక్కలే తింటే బువ్వ దిగది" అని తన పళ్ళెం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చునేది.

నీళ్ళు తీశాక నన్ను తీసుకుపోవడానికి మా ఆయన వచ్చాడు. జీపులో, "అక్కడ ఏం తిన్నవ్?" అని అడిగాడు. బిస్కెట్లు తిన్నానని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు తెలుసు, అదే నా బాధ.

జీపు ఎక్కేముందు మాత్రం కట్టమ్మ చేతులు పట్టుకుని ఒక మాట ఇచ్చాను. "కట్టమ్మా, ఇగ మానుకోటల ఇల్లు కట్టుకుంటం. అయినంక నువ్వు రావాలె. నా ఇంట్ల, నా పక్కన కూసోని అన్నం తినాలె." ఆమె నవ్వి, "అట్లనే తియ్యి పటేలమ్మా" అంది. గృహప్రవేశానికి వచ్చింది కూడా. షామియానా కింద ఆఖరి వరసలో తిని వెళ్ళిపోయిందని తరువాత ఎవరో చెప్పారు. ఆ రోజు హడావుడిలో నేనామె మొహమైనా చూడలేదు. అందుకే వచ్చే నెల మొదటి ఆదివారం భోజనానికి రమ్మని మళ్ళీ కబురు పెట్టాను. అలా కబురు పెట్టిన నేనే, ఆమె కోసం నాలుగున్నర అడుగుల బండలు కొలిపించాను.

"కొట్టెయ్యి" అన్నాను యుగేందర్‌తో.

"ఏంది మేడమ్?"

"గా కొలత కొట్టెయ్యి. తలుపు దాక రావాలె. గుమ్మం తాకాలె."

అతను టేపు మళ్ళీ పరిచి, తలుపు తీసి వేసి చూశాడు. "తలుపు లోపటికి తెరుచుకుంటది. మందంది అయితే తట్టుకుంటది మేడమ్."

"పల్చటిది నేపియ్యి."

"నేపిస్త గని, గిది గూడ సరైన కొలత గాదు మేడమ్. గదికి జర ఊపిరాడాలె. పదకొండు పదిహేను అని ఎందుకన్ననంటే..."

అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. సిగ్గుపడ్డ మనిషికి కొలతలు తలకెక్కవు. పదకొండు పదిహేడున్నర అని నా కళ్ళముందే రాయించాను. ముందు రాసినది అడ్డంగా కొట్టించాను. అతను రైలుకు పోయాక, ఏదో ఘనకార్యం చేసినట్టు టీ పెట్టుకుని తాగాను.

మూడు వారాలకు జంపఖానా వచ్చింది. మామిడాకు రంగు, అంచున పసుపు గీత. సోఫాల కింద నుంచి గుమ్మం దాకా హాలంతా నిండిపోయింది. తలుపు తెరిస్తే దాని మీద సన్నగా రాసుకుంటోంది. మా ఆయన చూసి, "బాగున్నది గని, గింత పెద్దదెందుకు? ఊరోళ్లు వస్తే ఏడ కూసుంటరు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. వాన పడితే బట్టలు ఎక్కడ ఆరేస్తావు అన్నట్టే అడిగాడు. నేను జంపఖానా అంచు కాలితో సర్దాను. మనసులో మాత్రం, నీకేం తెలుసు, నేను మారాను అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. నాటుకోడి కూర వండాను, బగారన్నం చేశాను. మా ఆయన, పార్టీవాళ్ళ మీటింగుంది, సాయంత్రానికి గానీ రానని పోయాడు. ఆ మాటకు నా ప్రాణం తేలికపడింది. తేలికపడినందుకు అప్పుడే నాకు నేను కొంచెం తెలిసి ఉండాల్సింది.

పదకొండింటికి ఆటో ఆగింది. కట్టమ్మ ఒక్కతే దిగింది, చేతిలో సంచి. చెప్పులు గేటు బయటే విడిచి, పక్కనున్న నల్లా కింద మడమలు ఒకదానికొకటి రుద్దుకుంటూ కాళ్ళు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది కూడా. వరండా ఎక్కి, సంచి నా చేతికిచ్చింది.

"కందికాయ పటేలమ్మా. ఉప్పేసి ఉడకవెట్టుకోండ్రి."

"లోపటికి రా కట్టమ్మా."

గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. లోపలికి చూసింది. "అబ్బ, మస్తుగున్నది. పచ్చగ నారుమడి లెక్కున్నది" అంది. నేను రెండడుగులు లోపలికి వేసి వెనక్కి చూశాను. ఆమె గుమ్మం దాటలేదు. కళ్ళతో హాలంతా వెతుకుతోంది. ఎడమ పక్క చూసింది, బీరువా ఉంది. కుడి పక్క చూసింది, టీవీ బల్ల ఉంది. మళ్ళీ కిందికి, తన కాళ్ళ ముందుకు చూసింది. అక్కడి నుంచే జంపఖానా మొదలవుతోంది.

"నాకు జాగ ఏది పటేలమ్మా?" అంది.

నిష్ఠూరం కాదది. నిజంగానే అడిగింది. బస్సెక్కి సీటు వెతుక్కునే మనిషి అడిగినట్టు అడిగింది.

"గదేందే, సోఫల కూసో. నా పక్కన."

నేనేదో పరాచికమాడినట్టు నవ్వింది. "గా సోఫల కూసుంటే నాకు బువ్వ దిగది. ఈడ్నే, వరండల కూసుంట. ఎండ మంచిగున్నది."

"ఇంట్ల కూసోని తినాలె అన్న గద."

"అన్నవ్ పటేలమ్మా. అందుకే అచ్చిన. గని లోపట బండలు లెవ్వు గద. బండల మీదైతే పానం నిమ్మలముంటది. మొత్తం కప్పేస్తిరి."

ఈ ఇంట్లో ఆమెకు దక్కే జాగా అవమానంగా ఉందని, ఆ జాగానే లేకుండా చేశాను. ఆమెను అడగలేదు. ముందు కొలిచినప్పుడూ అడగలేదు, తరువాత కొలిచినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ నా గురించే కొలుచుకున్నాను. జంపఖానా ఎంత పెద్దదైనా, దాని మీద కాలు పెట్టే ధైర్యం గజాల లెక్కన నేయించేది కాదని నాకు తట్టలేదు.

ఎదురింటివాళ్ళు వాళ్ళ గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. కట్టమ్మ అప్పటికే మెట్టు మీద కూర్చోబోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వంగి, జంపఖానా అంచు పట్టుకుని మడవడం మొదలుపెట్టాను. పొడుగాటి జంపఖానా, ఒకవైపు మడిస్తే రెండో వైపు వంకర పోతోంది. కట్టమ్మ గబుక్కున వచ్చి రెండో మూల పట్టుకుంది. ఇద్దరం కలిసి చుట్టాం. "ఇంక జర" అంది. చుట్టాను. "ఇంక జర. ఆ, సాలు." అప్పటికి నాలుగడుగుల పైనే బండలు తేలాయి. ఆమె లోపలికొచ్చి, గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చుంది. "గిప్పుడు మంచిగున్నది" అంది. ఆమె మొహంలో నిజంగానే సంతోషం ఉంది. నేనామె మొహం చూడలేకపోయాను.

సరే, మాట నిలబెట్టుకోవడానికి ఇంకా దారి ఉంది. బండలు నాకూ బండలే కదా. రెండు పళ్ళేల్లో అన్నం, కూర పెట్టుకుని వచ్చాను. ఒకటి ఆమె ముందు పెట్టాను. ఇంకోటి ఆమె పక్కన పెట్టాను. కట్టమ్మ కొంచెం పక్కకు జరిగి, కొంగుతో ఆ బండ తుడిచింది, నా కోసం. నేను గోడ పట్టుకుని మోకాలు వంచాను.

గేటు చప్పుడైంది. మా ఆయన గొంతు, దాంతోపాటు ఇంకో రెండు మూడు గొంతులు. మీటింగు తొందరగా ముగిసినట్టుంది. మండల పార్టీలో పెద్దమనిషి వీరస్వామి ముందు, మా ఆయన వెనక, ఇద్దరు కార్యకర్తలు ఆ వెనక. వాళ్ళు వరండా ఎక్కేలోపల నేను లేచి నిలబడ్డాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పళ్ళెం కూడా నా చేతిలోకి వచ్చేసింది.

వీరస్వామి గుమ్మంలో ఆగి, "ఏందక్కా, కొత్త జంపఖానా గిట్ల చుట్టిపెట్టిండ్రు?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాటే. మేమిద్దరం కలిసి తినబోతున్నాం. అంతే.

కట్టమ్మ నా వైపు చూసింది, నా చేతిలో పళ్ళెం వైపు చూసింది. తన పళ్ళెం ఇంకాస్త గోడ దగ్గరికి లాక్కుని, వాళ్ళకు దారిచ్చింది.

"నేనే సుట్టిన పటేలా. నా కాళ్లకు మట్టున్నది, ఖరాబైతదని" అంది.

ఆమె నడిచిన బండల మీద మట్టి మరక ఒక్కటీ లేదు. కడిగి, కొంగుతో తుడుచుకున్న కాళ్ళు.

"అంతేనా?" అన్నాడు మా ఆయన నన్ను చూసి.

"అవును" అన్నాను.

వాళ్ళు జంపఖానా మీదుగా నడిచి సోఫాల్లో కూర్చున్నారు. నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి పోయి, వాళ్ళకు టీ పెట్టాను. హాల్లో నవ్వులు వినపడుతున్నాయి. తలుపు పక్కన కట్టమ్మ ఒక్కతే తింటోంది.